తెలుగు సిద్ధాంతగ్రంథములలో పటములు: లాటెక్ కూర్పున దోషనిర్ణయము

తెలుగున పరిశోధన చేయుచు తమ సిద్ధాంతగ్రంథమును తామే కూర్చుకొను విద్యార్థులు నేడు పెక్కురు గలరు. వారిలో కొందరు లాటెక్ అను అక్షరసంయోజన వ్యవస్థను చేపట్టుచున్నారు. అధోజ్ఞాపికలు, విషయసూచిక, ఉపయుక్తగ్రంథసూచి, పటముల సంఖ్యలు మున్నగువానిని క్రమము తప్పక అదియే కూర్చుకొనుట ఇందులకు కారణము. అయితే గ్రంథము ముగింపునకు వచ్చి పటములను చేర్చునప్పుడు ఒక చిక్కు తఱచుగా ఎదురగుచున్నది. పాఠ్యభాగమున 'చిత్తూరు' అని సరిగా వచ్చిన మాట పటమున 'చిత్‌తూరు' అని విడివడి కనబడును. లేదా అక్షరములకు మాఱుగా చతురస్రములు నిలుచును. లేదా ఆ చోట ఏమియు కానరాదు.

ఈ చిక్కును తీర్చుకొనలేని పరిశోధకుడు సాధారణముగా రెండు మార్గములలో నొకదానిని పట్టును. పటముపై పేరులను ఇంగ్లీషున వ్రాయుట మొదటిది. తెరపై కనబడిన రూపమును బొమ్మగా పట్టి అతికించుట రెండవది. మొదటిదానివలన పరిశోధనకు ఆధారమైన పదమే రూపు మాఱును. ఒక గ్రామమువారు పలుకు మాట, గుర్తులు లేని రోమను లిపిలోనికి పోయినప్పుడు ణకార నకారములును, ళకార లకారములును, హ్రస్వ దీర్ఘములును కలసిపోవును. మాండలిక భేదమును నిరూపించుటకు గీసిన పటము ఆ భేదమునే చెఱిపివేయును. రెండవదానివలన అచ్చున అక్షరములు మసకబారి, వత్తులు చదువరాకుండును. కావున ఈ విషయమును కేవలము అలంకారముగ నెంచి విడిచిపెట్టుట తగదు.

ఈ వ్యాసమున ప్రతిపాదింపబడు విషయ మొక్కటే. కంపైలరు ఎంపిక, పటముల ఎగుమతి అనునవి రెండు వేర్వేఱు చిక్కులుగా కనబడినను, తెలుగు విషయమున ఆ రెండింటికి మూలమైన ప్రశ్న ఒక్కటియే: ఈ అక్షరమును కూర్చినది ఎవరు? కంపైలరా, పటమును గీసిన ఉపకరణమా, లేక నడుమ ప్రవేశించిన మఱియొక ఉపకరణమా? దీనికి సమాధానము దొరకిన పిదప దోషమును వెదకవలసిన చోటు తేటపడును.

1. బ్లాకు, టైపు

సీసపు అచ్చుల కాలమున పాఠ్యము వేఱు, చిత్రము వేఱు. పాఠ్యమును కంపోజిటరు కేసులనుండి అచ్చులను ఏరి, గుణింతపు గుర్తులను వత్తులను చేర్చి కూర్చెడివాడు. చిత్రమును రేఖాచిత్రమైనచో లైను బ్లాకుగను, ఛాయాచిత్రమైనచో హాఫ్‌టోను బ్లాకుగను చేయించి తెప్పించెడివారు. చిత్రముపై నుండు పేరులు చేతివ్రాత యైనను, అచ్చు తీసి అతికించినవి యైనను, బ్లాకులో భాగములై పోయెడివి. పాఠ్యమున వత్తు లోపించినచో ప్రూఫులు దిద్దువాడు గుర్తు పెట్టి సరిచేయింపగలిగెడివాడు. బ్లాకులో లోపించినచో బ్లాకునే మఱల చేయింపవలసి యుండెడిది.

లాటెక్ వ్యవస్థలోను ఈ భేదము అట్లే నిలిచియున్నది. వెలుపల గీసి తెచ్చిన పటము కంపైలరునకు బ్లాకు వంటిది. కంపైలరు దాని పొడవు వెడల్పులను కొలిచి, పుటలో చోటు చూపి, అందు నిలుపును. లోపలి అక్షరముల జోలికి పోదు. కంపైలరును ఎన్నిమార్లు మార్చినను పటములోని వత్తులు సరిపడకుండుటకు ఇదియే హేతువు. పటమును ఎన్నిమార్లు ఎగుమతి చేసినను పాఠ్యమందలి దోషము తొలగకుండుటకును ఇదియే హేతువు.

2. కంపైలరులు, అక్షరసంయోగము

డొనాల్డ్ కనూత్ 1978లో టెక్ వ్యవస్థను మొదట వెలువరించెను. లెస్లీ లాంపోర్టు 1980 దశకమున దానిపై లాటెక్‌ను నిర్మించెను. లాటెక్ ఆదేశములతో కూడిన మూలప్రతిని చదివి పుటలుగా మార్చు ప్రోగ్రామునే ఇచట కంపైలరు అనుచున్నాము. నేడు వాడుకలో నున్నవి ముఖ్యముగా మూడు: పీడీఎఫ్‌లాటెక్, జీలాటెక్, లువాలాటెక్.

వీని భేదమును గుర్తించుటకు 'స్త్రీ' అను నొక్క అక్షరము చాలును. కంటికిది ఒక్క అక్షరమే. యూనికోడున నిది ఆరు సంకేతములు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడేసి బైట్లు. వెరసి 18 బైట్లు. ఫాంటులో పొందుపఱచిన నియమములను చదివి, ఈ ఆరింటిని ఒక రూపముగ మలచు సాధనము ఒకటి కావలయును. ఆ పనిని షేపింగ్ అందురు. ఈ వ్యాసమున దానిని అక్షరసంయోగము అని వ్యవహరింతము.

పీడీఎఫ్‌లాటెక్ ఒక్కొక్క ఫాంటున 256 రూపములకు మించి ఎఱుగని పూర్వపద్ధతికి చెందినది. ఓపెన్‌టైప్ ఫాంటులలోని సంయోగనియమములను అది పాటింపదు. యూనికోడు తెలుగు మూలప్రతిని దానికిచ్చినచో, ఈ అక్షరము లాటెక్‌లో వాడుకకు ఏర్పఱుపబడలేదని దోషసూచన వచ్చును. మూలప్రతిలో ఫాంట్‌స్పెక్ అను ప్యాకేజీని పిలిచియున్నచో, జీటెక్ గాని లువాటెక్ గాని కావలయునని తెలిపి ఆగిపోవును. ఈ రెండింటిలో ఏది కనబడినను మూలప్రతియందు తప్పు వెదకుట వృథాశ్రమ. కంపైలరును మార్చినగాని పని సాగదు.

జీటెక్‌ను జొనాథన్ క్యూ రూపొందించి 2004లో వెలువరించెను. జీలాటెక్ దానిపై నడచును. 2013 నుండి ఇది హార్ఫ్‌బజ్ అను సంయోగసాధనమును వాడుచున్నది. దీనియందు ఫాంటును పేర్కొనునప్పుడు లిపి తెలుగు అని ఫాంట్‌స్పెక్ ఎంపికలలో స్పష్టముగా చెప్పవలయును. చెప్పనిచో ఫాంటు మంచిదైనను వత్తులు విడిపోవచ్చును. లువాలాటెక్ విషయమున మఱియొక మెట్టు కలదు. 2020 నాటి టెక్‌లైవ్ నుండి హార్ఫ్‌బజ్ దానిలోపలనే యున్నది. కాని రెండరర్ అను ఎంపికకు హార్ఫ్‌బజ్ అని విలువ నిచ్చినగాని అది పనికి పూనుకొనదు. జీలాటెక్‌లో సరిగా వచ్చిన గ్రంథము లువాలాటెక్‌లో చెడినచో మొదట చూడవలసినది ఈ ఎంపికనే.

కంపైలరు ఎంపిక ఉపకరణమును బట్టి వేర్వేఱు చోట్ల నుండును. ఓవర్‌లీఫ్‌లో ప్రాజెక్టు సెట్టింగులలో నుండును. టెక్‌స్టూడియోలో బిల్డ్ విభాగమున డిఫాల్ట్ కంపైలరు అను చోట నుండును. టెక్‌వర్క్స్‌లో పై పట్టీలోని జాబితాలో నుండును. ఎంపికను మార్చిన పిదప, వెనుకటి కంపైలరు విడిచిన సహాయక ఫైళ్లను, ముఖ్యముగా ఆక్స్ ఫైలును, తొలగించి మఱల నడుపుట మేలు. పాత ఫైలులోని వ్రాత క్రొత్త కంపైలరునకు పొసగక, లేని దోషమును ఉన్నట్లు చూపుట కలదు.

అన్నిటికంటె హెచ్చుగా మోసపుచ్చునది నిశ్శబ్దదోషము. ఎన్నుకొన్న ఫాంటున తెలుగు అక్షరములు లేనిచో జీలాటెక్, లువాలాటెక్ అను రెండును సాధారణముగా ఆగవు. ఆ అక్షరముల చోటు ఖాళీగా విడిచి ముందునకు సాగును. పీడీఎఫ్ తయారగును, పదములు మాత్రము ఉండవు. లోపించిన అక్షరము అను సూచన లాగ్ ఫైలున ఒక పంక్తిగా నిలుచును. శీర్షికలలోను, పట్టికలలోను, పుట పైభాగమందలి పేరులలోను ఫాంటు మాఱునప్పుడు ఈ దోషము మిక్కిలిగా సంభవించును. ట్రేసింగ్‌లాస్ట్‌చార్స్ అను విలువను 3 చేసినచో, 2021 నాటి టెక్‌లైవ్ నుండి ఇట్టి లోపము దోషసూచనగానే వెలువడును. సిద్ధాంతగ్రంథమును సమర్పించు ముందు ఈ ఏర్పాటుతో ఒకసారి నడుపుట ప్రతి పరిశోధకునకు విధియని చెప్పదగును.

3. కంపైలరునకు ఏ చిత్రరూపము సరిపడును?

పీడీఎఫ్‌లాటెక్, జీలాటెక్, లువాలాటెక్ అను మూడును పీడీఎఫ్, పీఎన్‌జీ, జేపెగ్ రూపములను స్వీకరించును. పూర్వము లాటెక్ నుండి డీవీఐ ద్వారా పోస్ట్‌స్క్రిప్టునకు పోవు మార్గమున ఈపీఎస్ రూపమే ప్రధానము. నేటి మార్గములలో ఈపీఎస్‌ను నడుమ మఱియొక ప్రోగ్రాము పీడీఎఫ్‌గా మార్చవలసియుండును. ఆ మార్పులో ఫాంటు తాఱుమాఱగు అవకాశము కలదు కనుక, పరిశోధకుడే ముందుగ పీడీఎఫ్‌గా ఎగుమతి చేసికొనుట క్షేమకరము.

ఎస్‌వీజీ రూపమును ఈ మూడింటిలో నేదియు నేరుగా గ్రహింపదు. ఎస్‌వీజీ అను పేరుగల ప్యాకేజీ, ఇంక్‌స్కేప్‌ను వెలుపలనుండి పిలిచి మార్పు చేయించును. దానికై కంపైలరునకు షెల్ ఎస్కేప్ అను అనుమతి నీయవలయును. ఇది మూలప్రతిలోని ఆదేశములు కంప్యూటరుపై ఇతర ప్రోగ్రాములను నడుపుటకు ఇచ్చు అనుమతి. కావున ఇతరులు పంపిన మూలప్రతులకు దీని నీయరాదు.

పటము రానప్పుడు కారణము మిక్కిలి సామాన్యమై యుండుటయు కలదు. విండోస్‌లో ఫైలు పేరున పెద్ద చిన్న రోమను అక్షరముల భేదము సాధారణముగా గణింపబడదు, లైనక్స్‌పై గణింపబడును. ఇంటివద్ద కుదిరిన గ్రంథము ఓవర్‌లీఫ్‌లో పటము దొరకలేదనుట కిది తఱచైన హేతువు. ఫైలు పేరులను ఖాళీలు లేని చిన్న రోమను అక్షరములతో పెట్టుకొనుట ఉత్తమము. పటమునకు బదులు ఫైలు పేరు గల డబ్బా ఒకటి కనబడినచో, గ్రంథపు ఆరంభమున డ్రాఫ్ట్ అను ఎంపిక మిగిలియున్నదని తెలియవలయును.

4. పటములోని అక్షరములు: మూడు మార్గములు

ఒక ఉదాహరణమును గ్రహింతము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశపు ప్రథమసంపుటము, వ్యవసాయ పదములతో, 1962లో వెలువడినది. అట్టి పదముల వ్యాప్తిని జిల్లాలవారీగా పటముపై చూపదలచిన విద్యార్థి, 'నాగలి', 'మడక' అను పదముల ఎల్లను గీసి, జిల్లాల పేరులను నింపెననుకొందము. 'నాగలి', 'మడక' అనువానిలో వత్తులు లేవు. సంయోగము చెడినను అవి చూపునకు సరిగానే కనబడవచ్చును. శ్రీకాకుళము, కృష్ణా, ప్రకాశము, చిత్తూరు అను పేరులు మాత్రము దోషమును వెంటనే బయటపెట్టును. కావున పరీక్షకు ఎప్పుడును వత్తులుగల పదములనే ఎన్నుకొనవలయును.

ఆ పటమును క్యూజీఐఎస్ అను ఉపకరణమున గీసినచో, తెరపై పేరులు చక్కగా నుండును. ఎగుమతి చేయువేళ అది ఒక ప్రశ్న నడుగును: అక్షరములను రేఖలుగా పంపవలెనా, అక్షరములుగానే పంపవలెనా? ఇదియే కీలకము. రేఖలుగా పంపినచో, అక్షరసంయోగము అప్పటికే ముగిసి, వత్తుతోకూడిన ఆకారము గీతలుగా స్థిరపడును. ఇక ఏ ఉపకరణమును దానిని చెఱుపజాలదు. అక్షరములుగా పంపినచో, ఆ ఫైలును తెఱచు తరువాతి ఉపకరణము సంయోగమును మఱల చేయవలసిరావచ్చును. ఆ ఉపకరణమునకు ఆ ఫాంటు అందకున్నను, సంయోగము తెలియకున్నను, 'చిత్తూరు' విడిపోవును.

దీనినిబట్టి మూడు మార్గములు ఏర్పడుచున్నవి.

రేఖీకరణము మొదటి మార్గము. ఇంక్‌స్కేప్‌లోను పీడీఎఫ్‌గా దాచునప్పుడు అక్షరములను రేఖలుగా మార్చు ఎంపిక కలదు. ఇది నిరపాయమైనది. దీని లోపమేమన, ఆ పేరులు ఇక అక్షరములు కావు. పీడీఎఫ్‌లో 'కృష్ణా' అని వెదకినచో పటములోని పేరు దొరకదు. తరువాత దిద్దుటకును వీలుండదు. కావున అక్షరములతో నున్న మూలపటమును వేఱుగా భద్రపఱచుకొనవలయును.

ఫాంటును పటములో పొదుగుట రెండవది. అక్షరములు అక్షరములుగానే యుండును; వెదకుటకు వీలు కలుగును. అయితే పటమును పంపిన ఉపకరణము సంయోగమును సరిగా చేసి, ఫాంటును పీడీఎఫ్‌లో ఇమిడ్చినప్పుడే ఇది పనికివచ్చును. ఇమిడినదో లేదో పరీక్షించు విధము ముందు చెప్పబడును.

పేరులను కంపైలరునకే అప్పగించుట మూడవది. ఇంక్‌స్కేప్ పీడీఎఫ్ ఎగుమతిలో అక్షరములను విడదీసి లాటెక్ ఫైలుగా వ్రాయు ఎంపిక కలదు. అప్పుడు రెండు ఫైళ్లు వచ్చును: గీతలు మాత్రమే గల పీడీఎఫ్ ఒకటి, పేరులును వాని స్థానములును గల లాటెక్ ఫైలు ఒకటి. మూలప్రతిలో ఈ రెండవ ఫైలును పిలువవలయును. మొదటిదానిని మాత్రమే చేర్చినవారికి పేరులు లేని మూగపటము వచ్చును. ఈ మార్గమున పటములోని అక్షరములు పాఠ్యపు ఫాంటుతోనే, అదే సంయోగముతో వెలువడును. కాని పటమును కుదించినను అక్షరముల పరిమాణము తగ్గదు. ఇఱుకుగా నున్న పేరులు ఒకదానిపై నొకటి పడవచ్చును. ఇంక్‌స్కేప్‌లో ఒక్కొక్క పేరునకు ఎడమ, నడుమ, కుడి అను అమరికలలో తగినదానిని ముందే ఎన్నుకొనవలయును.

తాళపత్రప్రతుల వంశవృక్షము, వాక్యవిశ్లేషణ వృక్షము, గణవిభజన చిత్రము వంటివానికి ఎగుమతితో పనియే లేదు. టిక్‌జడ్ అను ప్యాకేజీతో వానిని మూలప్రతిలోనే గీయవచ్చును. అక్షరములను కంపైలరే కూర్చును గనుక, పాఠ్యమున సరిగా వచ్చునది పటమునను సరిగా వచ్చును. పాఠాంతరము నొకదానిని దిద్దినప్పుడు పటమును వేఱుగా దిద్ది మఱల ఎగుమతి చేయవలసిన శ్రమయు తప్పును.

5. ఛాయాచిత్రములు, పరిమాణము

శాసనపు అచ్చుపత్రము, తాళపత్రపు ప్రతిబింబము మొదలగునవి స్వభావముచేతనే బిందుచిత్రములు. వానిని రేఖాచిత్రములుగ మార్చుటకు యత్నింపరాదు. గీటు ఏది, రాతిపగులు ఏది యను నిర్ణయము యంత్రమునకు విడిచినట్లగును. వీనికి కావలసినది చాలినన్ని బిందువులు. పుటలో 12 సెంటీమీటర్ల వెడల్పున అంగుళమునకు 300 బిందువుల చొప్పున అచ్చు కావలయుననిన, చిత్రము సుమారు 1417 బిందువుల వెడల్పు కలిగియుండవలయును. అంగుళమునకు 96 చొప్పున తెరకై తయారుచేసిన చిత్రమున అదే వెడల్పునకు సుమారు 454 మాత్రమే యుండును. లాటెక్‌లో దానిని సాగదీసినంతనే వివరము పెరుగదు. శాసనములకు పీఎన్‌జీ రూపము మేలు. జేపెగ్ కుదింపువలన అక్షరపు అంచులు చెదరును.

రేఖాచిత్రములకు బిందువుల చిక్కు లేదు. పరిమాణపు చిక్కు కలదు. 24 సెంటీమీటర్ల వెడల్పున గీసి, 10 పాయింట్ల అక్షరములతో పేరులు వ్రాసిన పటమును 12 సెంటీమీటర్లకు కుదించినచో అక్షరములు 5 పాయింట్లగును. రోమను లిపి అంతటితో నెట్లో చదువబడవచ్చును. తెలుగున క్రింది వత్తు నలుసుగ మాఱును. కావున పటమును అచ్చున నుండబోవు కొలతకే గీయవలయును. చిన్న పటము చుట్టు పుటంత ఖాళీ వచ్చినచో, పుటనంతయు గాక చిత్రమును మాత్రమే ఎగుమతి చేయు ఎంపికను గ్రహింపవలయును. ముందే తయారైన పీడీఎఫ్‌ను టెక్‌లైవ్‌తో వచ్చు పీడీఎఫ్‌క్రాప్ అను ఉపకరణము కత్తిరించి యిచ్చును.

6. పరీక్షాక్రమము

దోషము కనబడినంతనే గ్రంథమునంతటిని కదపరాదు. ఒక చిన్న మూలప్రతిని వేఱుగా వ్రాయవలయును. అందు 'స్త్రీ', 'లక్ష్మి', 'చిత్తూరు' అను మూడు మాటలును, చిక్కు తెచ్చిన ఒక్క పటమును మాత్రమే యుండవలయును. మాటలు చెడినచో దోషము కంపైలరున గాని, ఫాంటున గాని, లిపి ఎంపికయందు గాని కలదు. మాటలు సరిగా నుండి పటము చెడినచో, పటపు పీడీఎఫ్‌ను విడిగా తెఱచి చూడవలయును. అచటను చెడియున్నచో దోషము ఎగుమతిది. లాటెక్‌కు దానితో సంబంధము లేదు. విడిగా సరిగానుండి గ్రంథమున చెడినచో మాత్రమే చేర్చిన విధమును శంకింపవలయును. రెండును సరిగా నున్నచో దోషము పెద్ద గ్రంథములోని ఏదో యొక ప్యాకేజీ వలనిది. వానిని ఒక్కొక్కటిగ చేర్చుచు పోయిన అది బయటపడును.

ఫాంటు ఇమిడినదో లేదో తెలిసికొనుటకు పీడీఎఫ్‌ఫాంట్స్ అను ఉపకరణము కలదు. అది పీడీఎఫ్‌లోని ఫాంటులను వరుసగా చూపి, ఒక్కొక్కటి ఇమిడినదో లేదో చెప్పును. అడోబీ రీడరులోను పత్రగుణముల విభాగమున ఫాంటుల జాబితా కనబడును. ఇమడని ఫాంటు ఒకటియైనను ఉన్నచో, అది పరిశోధకుని యంత్రముపై సరిగా కనబడి పరీక్షకుని యంత్రముపై చెడవచ్చును. అక్షరములన్నియు రేఖలుగా మాఱిన పటమునకు ఆ జాబితా శూన్యముగా నుండుట సహజము.

చూపునకు సరిగానుండుట తుదిపరీక్ష కాదు. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2009లో చేసిన నియమములు పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథముల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పింపవలయునని విధించినవి. గాంధీనగరమందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నిర్వహించు శోధ్‌గంగా నిధిలో వేర్వేఱు విశ్వవిద్యాలయముల గ్రంథములు చేరుచున్నవి. అందలి తెలుగు గ్రంథమునుండి ఒక వాక్యమును నకలు చేసి వేఱొకచోట ఉంచినచో అక్షరములు తాఱుమాఱగుట సంభవించును. పీడీఎఫ్ అక్షరముల ఆకారములను దాచును గాని సంకేతక్రమమును తప్పక దాచదు. జీటెక్‌లో మూలసంకేతములను ఆకారములతోపాటు నిలుపు ఆదేశ మొకటి కలదు. దాని పేరు జీటెక్‌జెనరేట్‌యాక్చువల్‌టెక్స్ట్. దానికి 1 అను విలువ నిచ్చినచో, నకలు చేసిన వాక్యము వ్రాసిన క్రమముననే వచ్చుటకు వీలు కలుగును. తుదిప్రతిలో ఒక పద్యమునో వాక్యమునో నకలు చేసి, మూలముతో సరిచూచుట చాలినంత పరీక్ష.

పైని చెప్పిన ఏర్పాటులలో ఏదియు ఒక్క దినమునకు మించిన శ్రమ కాదు. గ్రంథరచనకు పూనిన మొదటి మాసముననే కంపైలరును, ఫాంటును, పటముల ఎగుమతి మార్గమును నిర్ణయించుకొని, వత్తులతో నిండిన ఒక నమూనాపటమును నడిపి చూచుకొన్నచో, సమర్పణకు ముందురాత్రి జిల్లాల పేరులను రోమను లిపిలోనికి మార్చవలసిన అగత్యము కలుగదు. పర్యవేక్షకులైన ఆచార్యులు విద్యార్థుల తొలి అధ్యాయముతోపాటు ఈ నమూనాపటమును కూడ కోరుట మంచిది. మాండలికమును గూర్చి వ్రాయు గ్రంథమున ఆ మాండలికపు మాట, పలికినవారి అక్షరములతో, పాఠ్యమునను పటమునను ఒక్కతీరున నిలుచుగాక.